పెండింగ్ ఐఆర్‌పీలతో నా కుస్తీ

మొదట నన్ను కంగారు పెట్టింది నీలి తెర కాదు. టాస్క్ మేనేజర్‌లో ఎంతకీ పోని ఒక పేరు.

అప్పట్లో నేను ఒక డేటా సేకరణ కార్డుకి విండోస్ డ్రైవర్ రాస్తున్నాను. పని చూడడానికి తేలికే. కార్డులో ఏదైనా ఘటన జరిగితే పైనున్న ప్రోగ్రామ్‌కి తెలియాలి. డ్రైవర్ తనంతట తాను ప్రోగ్రామ్‌ని పిలవడం కుదరదు కాబట్టి అందరూ చేసే పనే నేనూ చేశాను. ప్రోగ్రామ్ ముందుగానే ఓ పది రిక్వెస్టులు పంపి ఉంచుతుంది. డ్రైవర్ వాటిని తన దగ్గర దాచుకుని, ఘటన జరిగినప్పుడల్లా ఒకదాన్ని పూర్తి చేసి వెనక్కి పంపుతుంది. ఘటన ఎప్పుడు జరుగుతుందో తెలియదు. క్షణంలో జరగొచ్చు, రోజంతా జరగకపోవచ్చు.

ప్రోగ్రామ్ బాగానే నడిచింది. మూసేస్తే కిటికీ మాయమైంది, ప్రాసెస్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఎండ్ టాస్క్ నొక్కాను. అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ నొక్కాను. కదల్లేదు. మెషీన్ రీబూట్ చేస్తే తప్ప వదల్లేదు. రెండు రోజులు ఇది ప్రోగ్రామ్ తప్పే అనుకున్నాను, ఎందుకంటే అది రాసింది నేను కాదు.

చివరికి రెండో మెషీన్ నుంచి కెర్నల్ (విండోస్ గుండెకాయ) లోపలికి చూసే డీబగ్గర్ తగిలించి, ఆ ప్రాసెస్‌లో మిగిలిన థ్రెడ్‌ని చూశాను. దాని పేరు మీద ఐఆర్‌పీలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే అన్నీ నా డ్రైవర్ దగ్గరే ఆగి ఉన్నాయి, ఏ ఒక్కదానికీ క్యాన్సిల్ రొటీన్, అంటే రద్దు చెయ్యమన్నప్పుడు పిలవాల్సిన ఫంక్షన్, లేదు. ఐఆర్‌పీ అంటే విండోస్‌లో ఒక ఇన్‌పుట్ అవుట్‌పుట్ కోరికను మోసుకెళ్లే ప్యాకెట్. థ్రెడ్ చనిపోయే ముందు దాని మీద బాకీ ఉన్న ఐఆర్‌పీలన్నీ తేలాలి. విండోస్‌లో ఈ ప్యాకెట్లను చూసుకునే ఐవో మేనేజర్ వాటిని క్యాన్సిల్ చెయ్యమంటుంది. వినేవాళ్లు లేకపోతే వేచి చూస్తుంది. నా డ్రైవర్ స్టేటస్ పెండింగ్, అంటే పని ఇంకా మిగిలే ఉంది, అని చెప్పి, ఐఆర్‌పీని లిస్టులో పడేసి, ఆ విషయమే మరిచిపోయింది. తప్పు నాదే.

సరే, క్యాన్సిల్ రొటీన్ రాస్తే అయిపోతుంది కదా అనుకున్నాను. ఒక్క పూట పని అని మా వాళ్లకి చెప్పాను కూడా.

ఆ రొటీన్ మొదటి రూపం చాలా చిన్నది. లిస్టులోంచి తీసెయ్, స్టేటస్ క్యాన్సిల్డ్ పెట్టు, కంప్లీట్ చెయ్. నడిపితే మెషీన్ మొత్తం బిగుసుకుపోయింది. ఇంకోసారి నడిపితే నీలి తెర. కారణం సిగ్గుపడాల్సినంత చిన్నది. ఐవో క్యాన్సిల్ ఐఆర్‌పీ అన్న ఫంక్షన్ మన రొటీన్‌ని పిలిచేటప్పుడు క్యాన్సిల్ స్పిన్ లాక్ పట్టుకునే పిలుస్తుంది. స్పిన్ లాక్ అంటే ఒకరు పట్టుకుంటే, వదిలేదాకా రెండోవాళ్లు ప్రాసెసర్‌ని తిప్పుతూ కాచుకునే తాళం. దాన్ని వదలడం మన బాధ్యత. ఐఆర్‌పీలోనే క్యాన్సిల్ ఐఆర్‌క్యూఎల్ అన్న ఫీల్డులో ప్రాసెసర్ పాత ప్రాధాన్య స్థాయి రాసి ఉంటుంది, దానితో వదలాలి. ఈ లాక్ నా డ్రైవర్‌ది కాదు, మొత్తం సిస్టమ్‌కి ఒక్కటే. నేను వదలకపోతే ఇంకెక్కడో, నాకు సంబంధమే లేని ప్రోగ్రామ్‌లో ఎవరైనా ఏదైనా క్యాన్సిల్ చేసినా అక్కడ ప్రాసెసర్ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు ఏ క్యాన్సిల్ రొటీన్ చూసినా మొదటి లైన్‌లోనే ఆ లాక్ వదిలేస్తున్నారా అని చూస్తాను. వదిలాకే లిస్టుని కాపాడే మన సొంత లాక్ పట్టుకోవాలి. ఏ స్పిన్ లాక్ చేతిలో ఉన్నా ఐఆర్‌పీని కంప్లీట్ చెయ్యకూడదు.

అది దిద్దాక పని చేసింది. ప్రోగ్రామ్ మూస్తే ప్రాసెస్ పోయింది. మూడు రోజులు హాయిగా ఉన్నాను.

నాలుగో రోజు టెస్టింగ్ మెషీన్‌లో బగ్ చెక్, అంటే మళ్లీ నీలి తెర, కోడ్ హెక్స్ 139. విండోస్ 8 నుంచి కెర్నల్ లిస్టులోంచి ఒక ఎంట్రీని తీసేటప్పుడు ముందూ వెనకా లింకులు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. లేకపోతే అక్కడికక్కడే మెషీన్ ఆపేస్తారు. అంటే ఒకే ఐఆర్‌పీని లిస్టులోంచి రెండుసార్లు తీశాను. ఎక్కడ తీశానో ఆలోచించకుండా వైద్యం మొదలుపెట్టాను. ఘటన వచ్చి కార్డు ఇంటరప్ట్ (పిలుపు సంకేతం) ఇచ్చాక నడిచే డీపీసీ అన్న ఫంక్షన్‌లో, ఐఆర్‌పీని తీశాక దాని లింకులు దానికే చూపేలా పెట్టాను. అలా పెడితే రెండోసారి తీసినా నష్టం లేదు. 139 పోయింది. దాని చోట 44 వచ్చింది. ఒకే ఐఆర్‌పీని రెండుసార్లు కంప్లీట్ చేశారని దాని అర్థం.

జ్వరానికి మందేస్తే దగ్గు మొదలైనట్టయింది. అప్పుడు కీబోర్డు పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు ఒక ప్రాసెసర్, కుడివైపు ఇంకో ప్రాసెసర్ అనుకున్నాను. ఎడమవైపు డీపీసీ నా లాక్ పట్టుకుని ఐఆర్‌పీని లిస్టులోంచి తీసింది, లాక్ వదిలింది, క్యాన్సిల్ రొటీన్ పాయింటర్‌ని, అంటే దాని చిరునామాని, నల్ (ఖాళీ) చేసింది, కంప్లీట్ చేసింది. కుడివైపు ప్రోగ్రామ్ క్యాన్సిల్ అడిగింది. ఐవో మేనేజర్ ఐఆర్‌పీలో క్యాన్సిల్ జెండా ఎత్తి, రొటీన్ పాయింటర్‌ని తీసుకుని, దాని చోట నల్ పెట్టి, రొటీన్‌ని పిలిచింది. ఎడమవైపు లైన్లకీ కుడివైపు లైన్లకీ ఎవరు ముందు అన్న నియమం లేదు. కుడివైపు వాళ్లు పాయింటర్ తీసేసుకున్న తర్వాత కూడా ఎడమవైపు నా డీపీసీ, ఏమీ ఎరగనట్టు, ఐఆర్‌పీని కంప్లీట్ చేసేస్తోంది.

అసలు తాళంచెవి నా కళ్లముందే ఉంది. ఆ నల్ పెట్టడానికి నేను వాడిన ఐవో సెట్ క్యాన్సిల్ రొటీన్ అన్న ఫంక్షన్ పాత పాయింటర్‌ని తిరిగి ఇస్తుంది. నేను దాన్ని చూడనే లేదు. అది లోపల చేసేది ఒక అటామిక్ మార్పిడి, అంటే మధ్యలో ఇంకెవరూ దూరలేనిది. అవతల ఐవో మేనేజర్ చేసేదీ అదే మార్పిడి. కాబట్టి ఇద్దరిలో సరిగ్గా ఒక్కరికే అసలు పాయింటర్ దొరుకుతుంది, రెండోవాళ్లకి నల్ దొరుకుతుంది. పాయింటర్ ఎవరి చేతికొస్తే ఐఆర్‌పీ వాళ్లది. నల్ వచ్చినవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. కంప్లీట్ చెయ్యకూడదు, స్టేటస్ రాయకూడదు, అసలు దాని జోలికే పోకూడదు.

ఇది అర్థమయ్యాక డీపీసీని తిరిగి రాశాను. లాక్ చేతిలో ఉండగానే ఐఆర్‌పీని లిస్టులోంచి తీసి, రొటీన్‌ని నల్‌తో మార్చి, ఏమొచ్చిందో చూడాలి. పాయింటర్ వస్తే ఐఆర్‌పీ నాది, లాక్ వదిలాక తీరిగ్గా కంప్లీట్ చేసుకోవచ్చు. నల్ వస్తే క్యాన్సిల్ రొటీన్ అప్పటికే అవతల బయల్దేరింది, బహుశా నా లాక్ కోసమే కాచుకుని ఉంది. అది వచ్చి లిస్టులోంచి తియ్యబోతుంది కాబట్టి, ఐఆర్‌పీ లింకుల్ని దానికే చూపేలా పెట్టి వదిలేసి, తర్వాతి ఐఆర్‌పీ చూసుకోవాలి. నేను గుడ్డిగా వేసిన మందు సగం సరైనదే అన్నమాట, తప్పు చోట వేశానంతే.

ఇంతటితో అయిపోలేదు. తీసేటప్పుడు ఎంత పోటీ ఉందో, చేర్చేటప్పుడూ అంతే ఉంది. నేను క్యాన్సిల్ రొటీన్‌ని అతికించక ముందే ఎవరైనా క్యాన్సిల్ చేస్తే? జెండా ఎత్తేస్తారు, పిలవడానికి రొటీన్ ఉండదు కాబట్టి వెళ్లిపోతారు. ఆ తర్వాత నేను రొటీన్ అతికిస్తాను. దాన్ని పిలిచేవాళ్లు ఇక ఎవరూ రారు. మళ్లీ టాస్క్ మేనేజర్‌లో పోని పేరే. కాబట్టి రొటీన్ పెట్టాక జెండా చూడాలి, ముందు చూస్తే లాభం లేదు. జెండా ఎత్తి ఉంటే రొటీన్‌ని మళ్లీ నల్‌తో మార్చి చూడాలి. పాయింటర్ వస్తే లిస్టులోంచి తీసి నేనే క్యాన్సిల్ చేస్తాను. నల్ వస్తే అవతలివాళ్లు అందుకున్నారు, వాళ్లే చూసుకుంటారు. ఇదంతా లాక్ లోపలే. ఒకసారి పెండింగ్ అని గుర్తు పెట్టాక నేనే కంప్లీట్ చేసినా, రిక్వెస్టుని మొదట అందుకునే డిస్పాచ్ రొటీన్ మాత్రం స్టేటస్ పెండింగే తిరిగివ్వాలి.

ఈ కోడ్‌ని రివ్యూకి పెట్టాను. మా సీనియర్ ఒకావిడ చాలాసేపు చదివారు.

"తప్పేం లేదు. కానీ ఇదంతా నువ్వెందుకు రాస్తున్నావు?"

"మరి ఎవరు రాస్తారండీ?"

"వాళ్లు ఎప్పుడో రాసి పెట్టారు. సీఎస్‌క్యూ చూడలేదా?"

చూడలేదు. 2001లో ఎక్స్‌పీతో వచ్చిందది, క్యాన్సిల్ సేఫ్ క్యూ. అంతకు ముందున్న విండోస్‌ల కోసం విడిగా లైబ్రరీ కూడా ఇచ్చారు. మనం ఆరు చిన్న కాల్‌బ్యాక్‌లు, అంటే అవసరమైనప్పుడు వాళ్లు పిలిచే ఫంక్షన్లు, రాయాలి. ఐఆర్‌పీని చేర్చడం, తీయడం, తర్వాతిది ఏదో చూడడం, లాక్ పట్టడం, వదలడం, క్యాన్సిల్ అయినదాన్ని కంప్లీట్ చెయ్యడం. జెండాలూ, పాయింటర్ మార్పిడులూ, నల్ వస్తే ఏం చెయ్యాలన్న తంటా అంతా వాళ్లదే. నా నాలుగు రోజుల కాగితం పని మొత్తం ఆ ఆరు కాల్‌బ్యాక్‌ల వెనక ఉంది. కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా ఆ కాగితం ఉండి కూడా సీఎస్‌క్యూని మొదట్లో రెండుసార్లు తప్పుగానే వాడాను.

ఒకటి, ఐఆర్‌పీలో డ్రైవర్ సొంత వాడకానికి నాలుగు గళ్లు ఉంటాయి. వాటిలో చివరిది సీఎస్‌క్యూ తన కోసం వాడుకుంటుంది. నేను రిక్వెస్టు వచ్చిన సమయాన్ని, చేర్చే కాల్‌బ్యాక్‌లోనే, సరిగ్గా ఆ గడిలో రాశాను. క్యాన్సిల్ వచ్చినప్పుడు సీఎస్‌క్యూ దాన్ని పాయింటర్ అనుకుని పట్టుకుంది. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

రెండోది ఇంకా దొంగ బగ్. క్యూలో చేర్చాక లాగ్ కోసం ఐఆర్‌పీలోంచి కంట్రోల్ కోడ్ చదివి ప్రింట్ చేశాను. చేర్చిన మరుక్షణం అది నాది కాదు. ఇంకో ప్రాసెసర్‌లో ఎవరో దాన్ని తీసి, కంప్లీట్ చేసి, మెమొరీ కూడా విడుదల చేసి ఉండొచ్చు. చేర్చాక ఐఆర్‌పీని తాకకూడదు, స్టేటస్ పెండింగ్ చెప్పి వచ్చెయ్యాలి. పెండింగ్ గుర్తు కూడా చేర్చే ఫంక్షనే పెడుతుంది. ఈ తప్పుని డ్రైవర్ వెరిఫయర్, అంటే డ్రైవర్ల తప్పులు పట్టే విండోస్ పరికరం, మొదటి పది నిమిషాల్లోనే పట్టేసింది. వెరిఫయర్ పెట్టకుండా నేను అన్ని వారాలు ఎలా పని చేశానో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఇక హ్యాండిల్, అంటే ప్రోగ్రామ్ కార్డుని తెరిచి పట్టుకున్న పిడి, మూసే కథ. ప్రోగ్రామ్ బతికే ఉండి హ్యాండిల్ మాత్రం మూసేస్తే, ఆ హ్యాండిల్ మీద వచ్చిన రిక్వెస్టులన్నీ వదిలించుకోవాలి కదా. ఆ పనిని క్లోజ్ రొటీన్‌లో పెట్టాను. పేరు చూస్తే అక్కడే పెట్టాలనిపిస్తుంది. కానీ క్లోజ్ ఎంతకీ రాదు. ఆ హ్యాండిల్ వెనకున్న ఫైల్ ఆబ్జెక్ట్ మీద ఐఆర్‌పీలు బాకీ ఉన్నంతవరకు రాదు. ఐఆర్‌పీలు పోవాలంటే నా క్లోజ్ నడవాలి, క్లోజ్ నడవాలంటే ఐఆర్‌పీలు పోవాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత దీని కోసమే పుట్టిందేమో. సరైన చోటు క్లీనప్. చివరి హ్యాండిల్ మూతపడగానే అది వస్తుంది. అక్కడ సీఎస్‌క్యూని ఫైల్ ఆబ్జెక్ట్ పేరు చెప్పి ఒక్కొక్కటీ అడిగి, నల్ వచ్చేదాకా క్యాన్సిల్ చేసుకుంటూ పోవాలి. తర్వాతిది చూసే కాల్‌బ్యాక్‌లో ఫైల్ ఆబ్జెక్ట్ సరిపోల్చడం మరిచిపోతే పక్క ప్రోగ్రామ్ రిక్వెస్టులు కూడా ఊడిపోతాయి. నేను మరవలేదు, దాని గురించి ఆవిడ ముందే హెచ్చరించారు.

క్లీనప్ ఉంది కదా, క్యాన్సిల్ రొటీన్ ఎందుకు అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. హ్యాండిల్ తెరిచే ఉండగా రిక్వెస్టు పంపిన థ్రెడ్ ఒక్కటే పోవచ్చు, లేదా ప్రోగ్రామ్ ఒక్క రిక్వెస్టునే వద్దనుకోవచ్చు. అప్పుడు క్లీనప్ రాదు. రెండూ ఉండాల్సిందే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం క్యూలో ఉన్నవి కాదు, కార్డు చేతికి ఇచ్చేసినవి. ఒక పెద్ద రీడ్ రిక్వెస్టు ఉందనుకోండి. దాని బఫర్ చిరునామా కార్డుకి ఇచ్చేశాం, డీఎంఏ నడుస్తోంది, అంటే కార్డే నేరుగా మెమొరీలో రాస్తోంది. ఇప్పుడు క్యాన్సిల్ వచ్చింది. ఐఆర్‌పీని కంప్లీట్ చేస్తే ఆ పేజీల మీద తాళం ఊడిపోతుంది. విండోస్ వాటిని ఇంకెవరికైనా ఇచ్చేస్తుంది. కార్డుకి ఈ సంగతి తెలియదు కదా, అది తన పాటికి తాను రాస్తూనే ఉంటుంది. ఎవరి మెమొరీలో రాస్తుందో దేవుడికే ఎరుక. అలాంటి పాడు జరిగాక వచ్చే క్రాష్ డంప్‌లో నా డ్రైవర్ పేరు ఎక్కడా కనపడదు కూడా.

కాబట్టి హార్డ్‌వేర్ చేతిలో ఉన్నదాన్ని క్యాన్సిల్ చెయ్యాలంటే, ముందు హార్డ్‌వేర్‌ని ఆపాలి, అది నిజంగా ఆగిందని రూఢి చేసుకోవాలి, ఆ తర్వాతే కంప్లీట్. లినక్స్‌లో యూఎస్‌బీ డ్రైవర్లు రాసేవాళ్లకి ఇది ఫంక్షన్ పేర్లలోనే తెలుస్తుంది. యూఆర్‌బీని (యూఎస్‌బీ రిక్వెస్టు ప్యాకెట్‌ని) అన్‌లింక్ చేస్తే అడిగి వచ్చేస్తుంది, కిల్ చేస్తే పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడుతుంది. నా కార్డులో బదిలీ కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. అందుకని వాటికి క్యాన్సిల్ రొటీనే పెట్టలేదు. క్యూలోంచి తీసి కార్డుకి ఇచ్చిన క్షణం నుంచి అది క్యాన్సిల్ కాదు, ఆ కాస్తసేపు ఓపిక పట్టాల్సిందే. దీని మీద రివ్యూలో వాదన జరిగింది. ప్రతీదీ క్యాన్సిల్ అవ్వాలని ఒకరు పట్టుబట్టారు. ఎంతసేపు ఆగాలో తెలియని వాటికే క్యాన్సిల్ తప్పనిసరి, ఇట్టే అయిపోయేవాటికి అనవసరంగా పెట్టడమంటే కొత్త బగ్గుకి తలుపు తియ్యడమే అని నా వాదన. ఇప్పటికీ అదే అంటాను. అయితే కార్డు ఇంటరప్ట్ ఇవ్వకుండా మొండికేస్తే ఆ కొన్ని మిల్లీసెకన్లు ఎప్పటికీ ముగియవు. దానికోసం ఒక టైమర్ పెట్టాను. గడువు దాటితే కార్డుని రీసెట్ చేసి, ఆగిందని చూసుకుని, ఐఆర్‌పీని లోపంతో వెనక్కి పంపుతుంది.

పరీక్ష కోసం ఒక కొరివి దెయ్యం లాంటి ప్రోగ్రామ్ రాశాను. ఎనిమిది థ్రెడ్‌లు రిక్వెస్టులు పంపుతుంటాయి, ఇంకో నాలుగు వాటిని ఇష్టమొచ్చినట్టు క్యాన్సిల్ చేస్తుంటాయి, మధ్యమధ్యలో ప్రోగ్రామ్ తనను తానే చంపుకుంటుంది, ఒక స్క్రిప్టు దాన్ని మళ్లీ లేపుతుంది. ఇది కూడా చాల్లేదు. నా పాత డీపీసీ కోడ్ పెట్టి చూస్తే బగ్ గంటల తరబడి దొరకలేదు. అప్పుడు లాక్ వదలడానికీ రొటీన్ నల్ చెయ్యడానికీ మధ్య కావాలనే యాభై మైక్రోసెకన్లు ఆపాను. మూడు రోజులకి ఒకసారి వచ్చిన క్రాష్ కొన్ని సెకన్లలోనే వచ్చింది. ఆ తర్వాత కొత్త కోడ్‌లోనూ అనుమానం ఉన్న ప్రతి చోటా అలాంటి ఆలస్యాలు దూర్చి, రాత్రంతా నడిపాను.

ఉదయం వచ్చి చూస్తే డ్రైవర్ బాగానే ఉంది, పరీక్ష ప్రోగ్రామే కూలిపోయి ఉంది. దాని హీప్ (అది వాడుకునే మెమొరీ) పాడైంది. ఒక రోజంతా డ్రైవర్‌నే తిట్టుకున్నాను. చూస్తే తప్పు పైనుంది. విస్టాతో వచ్చిన క్యాన్సిల్ ఐవో ఈఎక్స్ పిలిచి, అది విజయం అని చెప్పగానే బఫర్‌ని, రిక్వెస్టు వివరాలుండే ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్చర్‌ని విడుదల చేసేశాను. ఆ ఫంక్షన్ చేసేది అడగడమే. రిక్వెస్టు నిజంగా వెనక్కి వచ్చేదాకా ఆ మెమొరీ మనది కాదు. వచ్చాక కూడా ఎర్రర్ 995 (రద్దయింది అని) వస్తుందన్న నమ్మకం లేదు. క్యాన్సిల్ చేరేలోపే పని పూర్తయితే విజయమే వస్తుంది, డేటాతో సహా. కింద కెర్నల్‌లో నాలుగు రోజులు కుస్తీ పట్టిన అదే పోటీని పైన నా చేతులతో నేనే మళ్లీ రాశాను.

తర్వాతి కార్డుకి డ్రైవర్ కేఎండీఎఫ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్‌లో, రాశాం. అక్కడ మాన్యువల్ క్యూ ఒకటి తయారుచేసి రిక్వెస్టులు అందులోకి పంపితే చాలు. క్యూలో ఉన్నంతసేపు క్యాన్సిల్ సంగతి ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది, హ్యాండిల్ మూసినప్పుడు కూడా. ఆరు కాల్‌బ్యాక్‌లూ పోయాయి, క్లీనప్ లూపు పోయింది. రిక్వెస్టుని క్యూలోంచి తీసి మన చేతిలోనే చాలాసేపు ఉంచుకోవాల్సిన ఒక్క చోట మాత్రం మార్క్ క్యాన్సిలబుల్ (క్యాన్సిల్ చెయ్యొచ్చని గుర్తు పెట్టడం), అన్‌మార్క్ క్యాన్సిలబుల్ (ఆ గుర్తు తీసెయ్యడం) వాడాల్సి వచ్చింది. ఆ కోడ్ రాసింది ఇందాక చెప్పిన కుర్రాడే. రివ్యూలో చూస్తే అన్‌మార్క్ ఏం తిరిగిచ్చిందో చూడకుండానే కింద కంప్లీట్ చేస్తున్నాడు. అది స్టేటస్ క్యాన్సిల్డ్ ఇస్తే రిక్వెస్టు అప్పటికే అవతలివాళ్లది.

పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం తీసి, మధ్యలో నిలువు గీత గీశాను.